కింద పన్నెండు, పైన పన్నెండు

బస్సు వంతెన దిగి మలుపు తిరిగేసరికి ముందు తలుపు దగ్గర ఒక పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ పైకెక్కింది. కుడికాలికి మడమ నుంచి పిక్క దాకా తెల్లకట్టు. ఒక చేతిలో చెప్పు, భుజాన పుస్తకాల సంచి, పళ్ళ మధ్య బస్సు పాసు. సీట్లలో కూర్చున్న పెద్దమనుషులందరికీ ఒక్కసారిగా కిటికీ బయటి దృశ్యాల మీద ఎక్కడలేని మక్కువ పుట్టుకొచ్చింది. మూడో వరసలో మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న ఒకావిడ మాత్రం కళ్ళు తెరిచి, పక్కకు జరిగి, ఆ పిల్ల రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూచో. ముందు ఆ నోట్లోది తియ్యి, మింగుతావు."

పిల్ల పాసు తీసి చేత్తో పట్టుకుని, తల తిప్పి చూసి, నాలుక కరుచుకుంది.

"అయ్యో! గంటత్తా, నువ్వా?"

ఆవిడకు అసలు పేరంటూ ఒకటి ఉంది గాని అది ఆఫీసు రిజిస్టరు గడప దాటి ఎన్నడూ బయటకు రాలేదు. హైస్కూల్లో అటెండరు. పాత భవనం వసారాలో వేలాడే రైలుపట్టా ముక్కను ఇరవై రెండేళ్ళుగా సుత్తితో కొడుతున్నది ఆవిడే కనుక గంటత్త. తండ్రీ అత్తా అనే పిలిచాడు, కొడుకూ అత్తా అనే పిలుస్తున్నాడు. ఆ వరస ఎలా కుదిరిందని ఇంతవరకు ఎవరూ నిలదీయలేదు.

"కాలికేమైందే?"

"మెలికపడింది. మొన్న సాయంత్రం బస్సు కోసం పరిగెత్తా కదా, గేటు బయట కంకర మీద పడ్డా. బస్సూ పోయింది, కాలూ పోయింది." నవ్వబోయిన పిల్ల మధ్యలోనే ఆగింది. "గంట కాస్త లేటైంది కదత్తా మొన్న."

గంటత్త మందుల సంచిని ఈ మోకాలి మీద నుంచి ఆ మోకాలి మీదకు మార్చుకుంది. లేటైన మాట నిజం. ఆఖరి పీరియడ్లో కొత్త భవనం మూడో అంతస్తులో ల్యాబుకు తాళం వేసి, మెట్లు దిగి, ఆటస్థలం దాటి పాత భవనానికి రావాలి. మోకాలు సరేనన్న రోజు ఐదు నిమిషాలు. కాదన్న రోజు దానిష్టం. నాలుగూ ఇరవై బస్సు మాత్రం ఎవరి మోకాలి కోసమూ ఆగదు. అది దాటిపోతే శివారు పిల్లలు ఐదున్నర దాకా రోడ్డు మీద దుమ్ము లెక్కపెట్టుకుంటూ నిలబడాలి.

"మరి నిన్న బడికి రాలేదుగా?" అంది, మాట తప్పించడానికి.

"ఎక్కడ రానూ? మంచం దిగితే ఒట్టు." పిల్ల దగ్గరకు జరిగి గొంతు తగ్గించింది. "అత్తా, నిన్న సభలో ఏమైంది?"

అప్పుడు తట్టింది గంటత్తకు. ఈ పిల్ల తొమ్మిది 'బి' ప్రతినిధి. ఈ పిల్ల నిన్న బడికే రాలేదు. మరి నిన్న సాయంత్రం తను తన నోటితో ఇరవై నాలుగు స్టూళ్ళు ఎలా లెక్క చెప్పింది?

ఇక్కడ ఆ సభ సంగతి కాస్త చెప్పుకోవాలి. విద్యార్థి సభలు చాలాచోట్ల ఉంటాయి. ఏటా ఒకసారి ఎన్నికలు, మెడలో బిళ్ళలు, వార్షికోత్సవంలో అతిథులకు కుర్చీలు వేయడం, అక్కడితో సరి. ఈ బడిలో మాత్రం వెనకటి హెడ్‌మాస్టరు ఎవరో మరీ అమాయకుడో, మరీ గడుసువాడో, నియమావళి మొదటి పేజీలో ఒక వాక్యం రాసి పోయాడు: పిల్లల రోజువారీ వేళలకూ వసతులకూ సంబంధించిన విషయాల్లో సభ తీర్మానమే బడి తీర్మానం. తర్వాత వచ్చిన హెడ్‌మాస్టర్లకు ఆ వాక్యం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. కొట్టేసే ధైర్యం ఒక్కరికీ చాలలేదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో పన్నెండు సెక్షన్లు, సెక్షనుకు ఇద్దరు చొప్పున ఇరవై నలుగురు సభ్యులు. వీళ్ళ మీద అందరూ కలిసి ఎన్నుకున్న ఒక అధ్యక్షురాలు. ఆమెకు ఓటు లేదు, సమానం వచ్చినప్పుడు తప్ప. ఏడాదిలో మూడు సభలకు రాని సభ్యుల సీటు దానంతటదే పోతుంది.

ఓటు వేసే పద్ధతి మరీ విడ్డూరం. మనిషి మనసులో మాట బయటకు లాగడానికి లోకం పడని పాట్లు లేవు. కుండపెంకుల మీద పేర్లు గీకించిన ఊళ్ళున్నాయి, అవునన్నవాళ్ళను ఒక తలుపులోంచీ కాదన్నవాళ్ళను ఇంకో తలుపులోంచీ నడిపించే సభలున్నాయి. ఇక్కడ మొదట్లో చేతులెత్తించేవారట. పిల్లలు పక్కవాడి చెయ్యి చూసి తమ చెయ్యి ఎత్తేవారు. చీటీలు పెడితే అందరి రాతా అందరికీ తెలిసిందే. చివరికి ఒక ముసలి లెక్కల మాస్టారు ఈ దారి కనిపెట్టాడు: సభ డ్రాయింగు గదిలో, నాలుగు పొడుగు బల్లలు, బల్లకు ఆరు స్టూళ్ళు. చర్చ ముగిశాక చేతిగంట మోగగానే అందరూ ఒక్కసారిగా లేవాలి. అవుననేవాడు స్టూలు కిందే వదిలి పోవాలి. కాదనేవాడు దాన్నెత్తి బల్ల మీద పెట్టి పోవాలి. పక్కవాణ్ణి చూసే వ్యవధి ఉండదు. కాదనడానికి కొంచెమైనా బరువెత్తాలి కదా, ఊరికే కాదనేవాళ్ళు తగ్గుతారని కూడా ఆయన ఆలోచన. ఖాళీ అయిన గదిలోకి అటెండరు వెళ్ళి లెక్కపెట్టి, గుమ్మంలో నిలబడి "కింద ఇన్ని, పైన ఇన్ని" అని చదువుతుంది. కార్యదర్శి రాసుకుంటాడు.

నిన్నటి తీర్మానం గంట గురించే. తల్లిదండ్రుల సంఘం గడియారంతో నడిచే కరెంటు గంట ఇస్తామంది. సభ సరేనంటే పెట్టిద్దామన్నాడు హెడ్‌మాస్టరు. పిల్లలకు తెలియనిది ఒకటుంది: ఆ గంట వస్తే పాత భవనంలో అటెండరు పోస్టు ఉండదు. గంటత్తను ఊరి అవతల ఉన్న బడి శాఖకు పంపుతారు. రెండు బస్సులు మారాలి.

అది ఆవిడకు బదిలీ కాదు, చావుబతుకుల మాట. బడి వెనక రెండో వీధిలోనే ఇల్లు; ఈ పొద్దున బస్సెక్కింది పెద్దాసుపత్రి నుంచి మందులు తెచ్చుకుంటూ. ఇంట్లో మొగుడు. ఒకప్పుడు పేరున్న దర్జీ. చొక్కా కొలతలు కంటితోనే తీస్తాడని చెప్పుకునేవారు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం నడుము కింద నుంచి పట్టేసింది. పొద్దున ఆవిడ మంచం మీద నుంచి కుర్చీలోకి దించి వస్తుంది. మధ్యాహ్నం విరామంలో పరుగున వెళ్ళి, అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, కుర్చీలోంచి మళ్ళీ మంచం మీదకు చేరుస్తుంది. ఆ నలభై నిమిషాలు లేకపోతే ఆయన పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే. పుండ్లు పడితే ఇక మానవని డాక్టరు ముందే చెప్పాడు.

నిన్న ఆవిడ గుమ్మంలో నిలబడి లెక్క చెప్పింది. కింద పన్నెండు. పైన పన్నెండు. అధ్యక్షురాలు ఒక్క క్షణం ఆలోచించి, తన కుర్చీ ఎత్తి బల్ల మీద పెట్టింది. తీర్మానం వీగిపోయింది. గంటత్త రాత్రి నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

"చెప్పవేంటత్తా?" పిల్ల మోచేత్తో పొడిచింది.

"సమానం వచ్చింది. మీ పొడుగమ్మాయి వద్దంది. పోయింది."

"సమానమా?" పిల్ల కళ్ళు చికిలించింది. వేళ్ళ మీద ఏదో మొదలుపెట్టి వెంటనే ఆపింది. "నేను లేనుగా. ఇరవై ముగ్గురుంటే సమానం ఎట్లా వస్తుందీ?"

గంటత్తకు ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. సభ ముందు గది ఊడవడానికి స్టూళ్ళన్నీ బల్లలెక్కిస్తుంది. ఊడ్చాక ఒక్కొక్కటే దించుతుంది. పొద్దున తరగతుల హాజరు చీటీలు ఆఫీసుకు మోసేది తనే కనుక ఆ రోజు ఎవరు రాలేదో తనకు తెలుసు. రానివాళ్ళ స్టూలు దించదు. ఎవరూ చెప్పింది కాదు, చేతికి పట్టిన అలవాటు. కార్యదర్శి హాజరు చదివేటప్పుడు "ఒకరు రాలేదు" అంటే లెక్కలో ఒకటి తీసేస్తుంది. నిన్న నాలుగో బల్ల చివర, కిటికీ పక్క స్టూలు అలాగే పైన ఉండిపోయింది. కార్యదర్శేమో పుస్తకంలో సంతకాలు లెక్కపెట్టి ఇరవై నలుగురూ హాజరని చదివాడు. స్టూళ్ళూ ఇరవై నాలుగు. లెక్క సరిపోయింది. సరిపోయిన లెక్కను ఎవరు మాత్రం తిరగేస్తారు?

"హాజరు పుస్తకంలో నీ సంతకం ఉందే," అంది మెల్లగా.

పిల్ల మొహం పాలిపోయింది. "వాడు పెట్టాడు. మా సెక్షను వాడు. ఇది నాకు మూడోసారత్తా, సీటు పోతుందని... ఫోన్ చేసి నేనే పెట్టమన్నా." కొంచెంసేపు కట్టు అంచు గిల్లుకుంటూ కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తింది. "అంటే నా స్టూలు?"

"నేనే పైన పెట్టా, ఊడ్చేటప్పుడు. దించలేదు."

బస్సు ఒక గుంతలో పడి లేచింది. ఇద్దరి భుజాలూ రాసుకున్నాయి.

"నేనొస్తే కిందే ఉంచేదాన్నత్తా," అంది పిల్ల. తప్పు చేసినట్టు అంది. "నీ మీద కోపంతో కాదు. బస్సు కోసం."

"తెలుసులేవే."

"చెప్పకత్తా. ప్లీజ్. సంతకం సంగతి తెలిస్తే నా సీటూ పోతుంది, వాడి సీటూ పోతుంది. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు. వాడు ఆ స్టూలు వైపు చూసుండడు కూడా. దొంగసంతకం పెట్టినవాడు ఆ పక్కకు తలెందుకు తిప్పుతాడు?"

ఎంత సులువు! ఆవిడ కూడా అదే అనుకుంటోంది. పిల్ల ముందు అనేసింది, అంతే. ఇద్దరికీ నోరు మూసుకుంటే లాభం, తెరిస్తే నష్టం. బడి స్టాపు వచ్చింది. దిగేటప్పుడు పిల్ల భుజం మీద చెయ్యి వేసింది, ఆవిడ నడుము పట్టుకుని దించింది. గేటు బయట ఆ కంకర ఇంకా అలాగే ఉంది. కాలు ఈడ్చిన గీత కూడా ఉందేమోనని ఆవిడ చూడకూడదనుకుంటూనే చూసింది.

ఆ పూట గంటలన్నీ సరైన వేళకే కొట్టింది. మూడో పీరియడ్లో లెక్కల మేడం వసారాలో ఎదురైంది. సభకు ఆవిడే సలహాదారు. హెడ్‌మాస్టరు కాక బదిలీ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి.

"ఏంటత్తా, మొహం అట్లా ఉంది? నిన్న గండం గడిచిందిగా. విరామం అయ్యాక సార్ మినిట్స్ పుస్తకం మీద సంతకం పెట్టేస్తారు. ఇక ఈ విద్యా సంవత్సరంలో ఆ ఊసెత్తడానికి లేదు."

గంటత్త విషయం చెప్పింది. చెప్పడానికి పట్టిన సమయం అర నిమిషం. మేడం అటూ ఇటూ చూసి ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్ల కిందకు లాక్కెళ్ళింది.

"నీకేమైనా మతిపోయిందా? ఎవరికీ చెప్పకు. నాకూ చెప్పలేదనుకో."

"లెక్క తప్పు మేడం గారూ."

"నేను ముప్పయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్నా. ఏ తప్పు దిద్దాలో, ఏది వదలాలో నాకు తెలుసు. ఇంకో గంటన్నర ఓపిక పట్టు. వచ్చే ఏడు నీ మొగుడికి ఏదో ఏర్పాటు చూద్దాం. అప్పుడు పెట్టుకోమను కరెంటు గంట."

"వచ్చే ఏడు దాకా ఆ పిల్లలు రోజూ పరిగెత్తాలిగా."

"పరిగెత్తనీ! పదిహేనేళ్ళ పిల్లలు పరిగెత్తక ఇంకేం చేస్తారు?" అనేసి మేడం తన మాట తనకే నచ్చనట్టు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీ ఇష్టం. నేను మాత్రం నోరు విప్పను."

గంటత్తకు ఆ గంటన్నరలో ఎన్ని ఆలోచనలు వచ్చాయో రాస్తే అది వేరే పుస్తకం అవుతుంది. చెప్పొద్దని మనసు తేల్చేసింది, రెండుసార్లు. ఆ రెండుసార్లూ చేతిలో ఉన్న పని తప్పింది: ఎనిమిది 'ఏ' చీటీ తొమ్మిది 'ఏ'లో ఇచ్చింది, ల్యాబు తాళం తలుపుకే వదిలేసింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ చదివిన లెక్కను ఇంకోసారి చూడమని అడిగినవాడు లేడు. ఎంత తగవులాడుకున్న సభైనా, "అత్త చెప్పిందిగా" అన్నాక నోరు మూసుకునేది. ఆవిడకు బడిలో ఉన్న హోదా అదొక్కటే.

మధ్యాహ్నం గంట కొట్టి, సుత్తి మేకుకు తగిలించి, మందుల సంచి తీసుకుని, మామూలుగా అయితే గేటు వైపు పరుగుపెట్టాలి. డ్రాయింగు గది వైపు నడిచింది.

లోపల ముగ్గురే. బల్ల మీద మినిట్స్ పుస్తకం తెరిచి ఉంది. కళ్ళజోడు పిల్లవాడు దాని మీద వంగి శ్రద్ధగా గీతలు కొడుతున్నాడు, సభ కార్యదర్శి. మాటకు ముందు "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అనకుండా వాడు నీళ్ళు కూడా అడగడు కనుక అందరూ 'పాయింటు' అంటారు. తీర్మానం పెట్టిందీ వాడే. ఓడిపోయినా రాత మాత్రం ముత్యాల్లా ఉంది. పక్కన పొడుగమ్మాయి, అధ్యక్షురాలు. కిటికీ దగ్గర లెక్కల మేడం, బయటికి చూస్తూ.

"అత్తా, రా రా! విజేతవు కదా," అన్నాడు పాయింటు నవ్వుతూ. "నా తీర్మానం పోయిందని నాకేం బాధ లేదు. ప్రజాస్వామ్యం."

"నిన్నటి లెక్క తప్పు నాన్నా."

పాయింటు నవ్వు అలాగే ఉండిపోయింది, దాని వెనక మొహం మాత్రం మారింది.

"తప్పేంటి? కింద పన్నెండు, పైన పన్నెండు. హాజరు ఇరవై నాలుగు. సరిపోయింది."

"పైన పదకొండే. ఒకటి నేను పెట్టింది. ఆ మనిషి రాలేదు."

"రాకపోవడమేంటి? సంతకం..."

"ఆ సంతకం నాది కాదు." గుమ్మంలోంచి వచ్చిందా మాట. కట్టుకాలు పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో. ఆయాసంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. "నేను పెట్టించా. నేను నిన్న రాలేదు."

గంటత్త చివ్వున తిరిగి చూసింది. తను పేరు చెప్పలేదు. చెప్పకుండానే గట్టెక్కిద్దామనుకుంది.

"నిన్నెవరు రమ్మన్నారే ఇక్కడికి?"

"నువ్వు ఇటు రావడం చూశా."

పొడుగమ్మాయి పుస్తకం తన వైపు తిప్పుకుని, అంకెల మీద వేలు నడుపుకుంటూ పోయింది. ఇరవై ముగ్గురు. పన్నెండు, పదకొండు. సమానం లేదు. సమానం లేకపోతే తన ఓటే లేదు.

"అంటే తీర్మానం నెగ్గినట్టా?" అంది.

"నెగ్గినట్టే," అన్నాడు పాయింటు. గెలిచినవాడి గొంతు కాదది.

మేడం ఇక ఉండబట్టలేక కిటికీ వదిలి వచ్చింది. "నెగ్గడం ఏంటి? దొంగసంతకం ఉన్న సభే చెల్లదు. మొత్తం కొట్టేసి రేపు మళ్ళీ ఓటు పెట్టండి. ఈలోపు గంటత్త సంగతి సభ్యులకు నేను చెబుతా. ఆ కరెంటు గంట వస్తే అత్తను ఎక్కడికి పంపుతారో తెలుసా మీకు? ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడు..."

"మేడం గారూ!" గంటత్త గొంతు ఆ గదిలో అంత గట్టిగా ఎన్నడూ లేవలేదు.

ఆలస్యమైపోయింది. ముగ్గురు పిల్లల మొహాలూ ఒకేలా తిరిగాయి ఆవిడ వైపు. పొడుగమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పాయింటు కళ్ళజోడు సర్దుకోవడం మరిచిపోయాడు.

"మాకు చెప్పలేదేంటత్తా?" అన్నాడు వాడు, దాదాపు కోపంగా. "చెప్పుంటే నేను తీర్మానమే పెట్టేవాణ్ణి కాదు!"

"అందుకే చెప్పలేదు."

"రేపు ఓటు పెడదాం. ఒక్క స్టూలు కింద ఉంటే నన్నడుగు!"

"వద్దు." ఆవిడ బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "నిన్న మీరు గంట గురించి ఓటేశారు. రేపు వేస్తే నా మొగుడి గురించి వేస్తారు. ఆయనెవరో మీకు తెలీదు. ఈ పిల్ల కాలు మాత్రం కళ్ళముందుంది, చూడు. రాసుకో నాన్నా."

"అత్తా..."

"రాసుకోమన్నానా?" అని, ఎప్పటిలాగే గుమ్మం వైపు తిరిగి, ఎవరూ లేని వసారాకు వినిపించేటంత నిదానంగా చదివింది: "కింద పన్నెండు. పైన పదకొండు."

పాయింటు చెయ్యి కలం మీదకు వెళ్ళింది. రాయలేదు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్," అన్నాడు నీరసంగా. "తప్పు దిద్దాలంటే పాత అంకె కొట్టేసి పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. ఎవరు చెయ్యాలి? నేనా, అధ్యక్షురాలా?"

"ఇద్దరూ," అంది పొడుగమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

"నియమావళిలో 'సంబంధిత వ్యక్తి' అనే ఉంది."

"దొంగసంతకం పక్కన కూడా చెయ్యాలి కదా," అంది కట్టుకాలు పిల్ల. "అక్కడ నేను చేస్తా."

"ఆగు! నిన్నటితో నీకు మూడు గైర్హాజర్లు. అంటే నువ్వు నిన్నటి నుంచే సభ్యురాలివి కాదు. నీకు సంతకం చేసే హక్కు లేదు. అసలు ఇప్పుడు మాట్లాడే హక్కు ఉందా అని నా అనుమానం."

"మాట్లాడకపోతే నేను రాలేదని నీకెలా తెలిసేదిరా?"

"పాయింటే," అని ఒప్పుకున్నాడు పాయింటు, మరీ దిగులుగా. "అయినా రూలు చూడాలి."

మేడం కూడా వంగింది పుస్తకం మీదకు. పేజీలు తిప్పారు. ఒకరు ఎర్ర సిరాతో దిద్దాలన్నారు, ఒకరు నల్లదన్నారు. పొడుగమ్మాయి తన ఓటును కొట్టేయాలా, లేక అసలు పడనట్టుగా రాయాలా అని అడిగింది. ఆ రెండింటికీ తేడా ఉందని మేడం, లేదని పాయింటు. నాలుగు తలలు ఒకదానికొకటి ఆనుకుని ఆ ఒక్క పేజీ మీద మూగాయి. బల్ల చివర నిలబడి ఉన్న మనిషి నీడ ఆ పేజీ మీద నుంచి ఎప్పుడు తొలగిందో ఒక్కరూ గమనించలేదు.

గంటత్త వసారా దిగి ఆటస్థలం దాటింది. నలభైలో పదమూడు నిమిషాలు అప్పటికే పోయాయి. కుర్చీలో ఆయన గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు. ఆలస్యమైతే తిట్టడు, అదే కష్టం. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో పలకరించాడు, వినిపించుకోలేదు. మందుల సంచి చంకలో బిగించి, ఒక నీళ్ళ లారీ పోయేదాకా ఆగి, రోడ్డు దాటి, రెండో వీధిలోకి మళ్ళింది.